ఎండలో కనపడే గీతలు

నా కొడుకు నా కోడల్ని వదిలేసిన రోజు పొద్దున కూడా రెండు కార్లు కడిగి పంపించాడు. ఆ తరవాతే పంపు విప్పడం మొదలుపెట్టాడు.

నేను వరండాలో కుట్టుమిషన్ ముందు కూర్చుని దిండు గలీబులు కుడుతున్నాను. రిపేరుకి విప్పుతున్నాడేమో అనుకున్నాను. పైపు చుట్ట చుట్టాడు. వాక్యూమ్ మిషన్ దుప్పట్లో మూట కట్టాడు. షెడ్డు గోడకున్న లైట్లు కూడా పీకేశాక, గేటు ముందు చిన్న ట్రక్కు వచ్చి ఆగింది. అప్పుడు మిషన్ ఆపాను.

"ఏంట్రా ఇదంతా?"

"షాపు మెయిన్ రోడ్డు మీదకి మారుస్తున్నానమ్మా. టైర్ల షాపాయన తన పక్క షెడ్డు ఇచ్చాడు. కస్టమర్లు కూర్చోడానికి అద్దాల గది, కూలరు, పెద్ద బోర్డు... చూస్తే నోరు తెరుస్తావు."

"మరి అమ్మాయి తిరిగొచ్చాక అంతదూరం రోజూ ఎలా వస్తుంది?"

"తను రానక్కర్లేదులే."

ఆ మాట నా మొహం చూసి అనలేదు. మూటకి తాడు బిగిస్తూ, ఆ ముడికే చెప్పుకున్నట్టు అన్నాడు.

కోడలు అప్పటికి కొన్ని వారాలుగా వాళ్ళన్నయ్య ఇంట్లో ఉంది. ఈ షెడ్డులో ఏళ్ళ తరబడి కార్లు తోమి తోమి కుడి భుజం పట్టేసి, చివరికి ఆపరేషన్ దాకా వెళ్ళింది. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడని వీడే దగ్గరుండి దిగబెట్టి వచ్చాడు. పెళ్ళామంటే ఎంత శ్రద్ధ అని మురిసిపోయాను కూడా.

"రానక్కర్లేదంటే?"

"నేనింక అక్కడే ఉంటానమ్మా. టైర్ల షాపులో కౌంటరు దగ్గర కూర్చుంటుంది చూడు, ఆ అమ్మాయితో..." మిగతాది మింగేశాడు. "నీక్కూడా ఒక గది చూశాను. సామాను సర్దుకో, వచ్చి తీసుకెళ్తా."

"నీ పెళ్ళానికి చెప్పావా?"

"ఫోన్లో చెప్పాను."

"ఏమంది?"

"సరే అంది."

ఏదో బేరం కుదిరినట్టు చెప్పాడు. సామానంతా ఎక్కించాక షెడ్డంతా ఒకసారి కలియచూశాడు. కుళాయి పక్కన కోడలి నురగ బాటిల్ ఒక్కటే మిగిలింది. పంపు గన్నుకి తగిలించి కొడితే షాంపూ నీళ్ళు చిక్కటి నురగై కారు మీద పడతాయి, ఆ బాటిల్. అది కావాలని పట్టుబట్టి కొనిపించింది కోడలే. ముందు నురగ కొట్టి, మట్టి నాని, నీళ్ళతో పోయేదాకా కారు మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. దాని గురించి మొగుడూ పెళ్ళాలు రోజూ కీచులాడుకునేవాళ్ళు.

వాడు బాటిల్‌ని కాలితో పక్కకి నెట్టాడు. "ఇదెందుకింక! నురగ కొట్టి దాని మొహం చూస్తూ కూర్చునే టైములో ఇంకో బండి కడిగి పంపించొచ్చు."

ట్రక్కు వెళ్ళిపోయింది. నాకు ఏడుపు రాలేదు. బుర్రలో ఒకే ఒక్క మాట కుదురుగా కూర్చుంది. వీడు ఎక్కడికైతే ఎక్కాడో అక్కణ్ణించి దించాలి.

మర్నాడు బస్సెక్కి కోడలి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ వదిన నన్ను చూసి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. తప్పు పట్టలేదు. కోడలు వెనక గదిలో ఎడమచేత్తో బట్టలు మడత పెడుతోంది. కుడిచెయ్యి ఇంకా ఒళ్ళోనే ఉంది.

"మీరెందుకొచ్చారత్తయ్యా?"

"నిన్ను తీసుకెళ్ళడానికి."

"ఆయన లేని ఇంట్లో నేనేం చెయ్యను?"

"ఆ ఇల్లు వాడిది కాదు, నాది. షెడ్డు నాది, కుళాయి నాది. నీ బాటిల్ అక్కడే పడుంది. షాపు మళ్ళీ తెరుద్దాం."

"నా చెయ్యి భుజం దాకా కూడా లేవట్లేదు."

"నా రెండు చేతులూ లేస్తున్నాయిగా. నువ్వు చెప్తూ ఉండు, నేను కడుగుతాను."

మడత పెట్టిన చీరని మళ్ళీ విప్పి మళ్ళీ మడత పెట్టింది. "ఇదంతా ఎందుకు మీకు, ఈ వయసులో?"

"వాడి షాపు మూయించాలి."

అప్పుడు తలెత్తి చూసింది. నేను ఓదార్చడానికి వచ్చాననుకున్నట్టుంది పాపం. చూస్తూ చూస్తూ ఫక్కున నవ్వింది. "ఆయన మీ కొడుకండీ!"

"అందుకే. పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని."

నవ్వు ఆగాక కాసేపు కిటికీ వైపు చూసింది. "వస్తాను. కానీ షెడ్డులో నేను చెప్పినట్టు వినాలి. ఇంట్లో మీరు అత్తగారు. షెడ్డులో కాదు."

ఒప్పుకున్నాను. ఆ క్షణంలో ఏమడిగినా ఒప్పుకునేదాన్ని.

పంపు మా ఎదురింటి డ్రైవింగ్ మాస్టారి దగ్గర దొరికింది. కార్లు నేర్పించే స్కూలు ఆయనది. పాత పంపు ఒకటి ఆయన గరాజులో తుప్పు పట్టి పడుంది. తన స్కూలు కార్లు కడిగిపెట్టే ఒప్పందం మీద ఇచ్చాడు. ఆ ఎండాకాలం మా వీధి చివర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. పొద్దున లేచేసరికి కిటికీ ఊచల మీదా, ఆరేసిన బట్టల మీదా, మనుషుల కనురెప్పల మీదా ఎర్రటి దుమ్ము. కార్లు కడిగేవాళ్ళకి అంతకంటే మంచి సీజను ఉండదు.

మొదటి రోజు గన్ను నా చేతికిచ్చి కోడలు స్టూలు మీద కూర్చుంది.

"దీన్ని మీరు దుమ్ము అనుకుంటున్నారు కదా. ఇసక ఇది. దీని మీద గుడ్డ పెట్టి రుద్దితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. అందుకని ముందు దీన్ని చెయ్యి తగలకుండా దింపాలి. కొట్టండి, కింద నించి పైకి."

కొట్టాను. గన్ను నా చేతుల్లోంచి పక్కకి తిరిగింది. నురగ కారు మీద పడకుండా పక్కన నిలబడి చూస్తున్న మాస్టారి మొహం మీద పడింది. కళ్ళజోడు మీద నించి నురగ జారుతుంటే ఆయన బ్రేకు ఎక్కడుందో మర్చిపోయిన కొత్త స్టూడెంటులా కదలకుండా నిలబడిపోయాడు. ఈ ఇంటికి తిరిగొచ్చాక నా కోడలు గొంతెత్తి నవ్వడం అదే మొదలు.

రెండో సారి సరిగ్గా కొట్టాను. కారంతా తెల్లగా మునిగిపోయింది. అలవాటు కొద్దీ గుడ్డ తీసుకుని ముందుకి వెళ్ళబోయాను.

"ముట్టుకోకండి! దాని పని దాన్ని చేసుకోనివ్వండి."

"ఎంతసేపు?"

"అదిగో చూడండి, కిందకి జారేటప్పుడు రంగు మారుతోంది. తెల్లగా పడి మట్టి రంగులో దిగుతోంది. అలా దిగినంతసేపూ ఆగాలి. అలాగని ఎండిపోనివ్వకూడదు, మరకలు కడుతుంది."

ఆగడం నాకు కొత్త. వయసంతా పరుగు మీదే గడిచింది. నురగ డోర్ల మీద నించి మెల్లగా జారి, బంపరు అంచున ఒక్క క్షణం వేలాడి, నేల మీద పడి బురదైపోయేది. ఆ ఆగినంతసేపూ నేను నా కొడుకు గురించే ఆలోచించేదాన్ని. తరవాత నీళ్ళతో కడిగి, అప్పుడు రెండు బకెట్లు పెట్టుకుని, ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో చెయ్యి కడుక్కునే నీళ్ళు, మెత్తటి తొడుగుతో తిన్నగా, గుండ్రంగా కాకుండా తిన్నగా తుడవాలి. ఆ తొడుగులు నేనే కుట్టాను. కుట్టు లోపలికి వచ్చేలా కుట్టాను, దారం ముడి కూడా రంగుకి తగలకుండా. కోడలు తిప్పి తిప్పి చూసి "పాసయ్యారు" అంది.

కార్లు రావడం మొదలైంది. నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేదు. బండి తెచ్చిన ప్రతివాళ్ళనీ నీడలో కూర్చోబెట్టి నా కొడుకు చేసిన పని మొదటి నించి చివరిదాకా చెప్పేదాన్ని. ఆపరేషనయిన పెళ్ళాన్ని ఎలా వదిలేశాడో, ట్రక్కు ఎలా వచ్చిందో, అన్నీ. వాళ్ళు బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. కొంతమంది వెళ్ళేటప్పుడు కోడలి వైపు జాలిగా చూసేవాళ్ళు. నాకు కడుపు నిండినట్టుండేది.

ఒక మధ్యాహ్నం, ఎవరో ఒకావిడ కారు తీసుకుని వెళ్ళిపోయాక, కోడలు పంపు ఆపేసింది.

"అత్తయ్యా, ఆవిడ వెళ్తూ వెళ్తూ నన్నేమందో విన్నారా?"

"లేదు."

"ధైర్యంగా ఉండమ్మా అంది. కారెలా ఉందో చూడలేదు. అద్దాలు చూడలేదు, చక్రాలు చూడలేదు. నన్ను చూసింది." గొంతు పెంచలేదు. "మీరు చెప్పే కథలో నేను మొగుడు వదిలేసిన మనిషిని. ఇక్కడ నేను కార్లు కడిగే మనిషిని. రెండూ ఒక షెడ్డులో కుదరవు. మీ పగ మీది. దాన్ని నా కస్టమర్ల మీద చల్లకండి."

మాటివ్వడం చేతకాక తల ఊపాను. ఆ రోజు నించి నోరు మూసుకున్నాను. పగ మాత్రం లోపల అలాగే ఉంది. ఇంకా చిక్కబడింది.

ఎండలు బాగా ముదిరిన రోజుల్లో కార్లు తగ్గాయి. మొదట ఎండ వల్ల అనుకున్నాం. కారణం డ్రైవింగ్ మాస్టారు మోసుకొచ్చాడు. చెప్పలేక చెప్పలేక, చేతిలో తాళాలు తిప్పుకుంటూ చెప్పాడు.

"మెయిన్ రోడ్డు మీద అనుకుంటున్నారండీ... నురగలో యాసిడ్ కలుస్తుందట. పైపైన తళతళలాడుతుంది గానీ లోపల రంగుని తినేస్తుందట. కొన్నాళ్ళకి మచ్చలు తేలతాయట."

"ఎవరన్నారు?" అన్నాను.

"అంటున్నారు మరి."

"ఎవరు?"

మాస్టారు కోడలి వైపు చూసి, నేల వైపు చూశాడు. "మీ వాడేనండీ. అక్కడికొచ్చే ప్రతివాళ్ళకీ చెప్తున్నాడు."

నేను చెప్పులేసుకున్నాను. కోడలు గేటుకి అడ్డం నిలబడింది.

"వెళ్ళి ఏం చేస్తారు? నడిరోడ్డు మీద అరుస్తారు. జనం మూగుతారు. అత్తాకోడళ్ళు వ్యాపారం కోసం ఇలా చేస్తున్నారంటారు. ఇంకా బాగా ప్రచారం అవుతుంది వాడికి."

అప్పటిదాకా మొగుణ్ణి 'ఆయన' అనే అంటూ వచ్చింది. 'వాడికి' అనడం అదే మొదటిసారి. తను గమనించిందో లేదో తెలీదు.

అరవడానికి వెళ్ళలేదు. మర్నాడు మధ్యాహ్నం పని లేని వేళ చూసి గొడుగు తీసుకుని బయల్దేరాను. వాడి షాపుకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల వైపు బస్టాపు ఉంది. అక్కడ సిమెంటు బల్ల మీద కూర్చుని వాడి షాపు వైపు చూడటం మొదలుపెట్టాను. అంతే. చెయ్యి ఊపలేదు, పిలవలేదు. చూస్తూ కూర్చున్నాను. ఆ మర్నాడూ వెళ్ళాను. ఆ తరవాతా వెళ్ళాను. వాడు మొదట నన్ను చూడనట్టు నటించాడు. తరవాత కారు కడుగుతూ కడుగుతూ మాటిమాటికీ తలెత్తి చూసేవాడు. ఒకరోజు ఉండబట్టలేక రోడ్డు దాటి వచ్చాడు.

"అమ్మా, ఎందుకిక్కడ కూర్చుంటున్నావు ఎండలో? లోపలికి రా, కూలరుంది."

"బస్సు కోసం కూర్చున్నా."

"ఇప్పుడే వెళ్ళిందిగా బస్సు?"

"అది నా బస్సు కాదు."

"నిన్న కూడా సాయంత్రం దాకా ఉన్నావు. అన్ని బస్సులూ పోయాయి."

"నాది రాలేదు."

వాడు చెమట తుడుచుకున్నాడు. "నామీద కోపంగా ఉన్నావు. సరే. కొన్నాళ్ళు పోతే నువ్వే అర్థం చేసుకుంటావు. నువ్వు నా తల్లివి." ఆ చివరి మాట అంటున్నప్పుడు వాడి గొంతులో కాస్త గారం కూడా ఉంది. తల్లి ఎక్కడికి పోతుందిలే అన్న ధీమా. తిరిగి రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

మరుసటి మధ్యాహ్నం అక్కడికి నల్లకారొకటి వచ్చింది. పళ్ళ డాక్టరమ్మది. షాపు మా ఇంట్లో ఉన్నప్పుడు మా దగ్గరికే వచ్చేది. మారాక వాడితో పాటే మెయిన్ రోడ్డుకి వెళ్ళిపోయింది. నల్లకారంటే కోడలికి ప్రాణం, భయం కూడా. నలుపు మీద ఏదీ దాగదు. డాక్టరమ్మ తాళాలిచ్చి అద్దాల గదిలోకి వెళ్ళి ఫోను చూసుకుంటూ కూర్చుంది. కారు నిండా ఆ రోడ్డు పని తాలూకు దుమ్ము. వాడు దాని మీద ముందుగా నీళ్ళు కూడా సరిగ్గా కొట్టలేదు. మండుటెండలో బకెట్లో స్పాంజి ముంచి నేరుగా బానెట్ మీద పెట్టి గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాడు. వెనక ఇంకో రెండు బళ్ళు ఎదురు చూస్తున్నాయి. తొందర. ఆ తొందరలో స్పాంజి చేయి జారి నేల మీద పడింది. వంగి తీసుకున్నాడు. రెండు సార్లు దులిపాడు. మళ్ళీ బానెట్ మీద పెట్టాడు.

'కడుక్కో రా దాన్ని' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. చిన్నప్పుడు వాడు కింద పడ్డ బిస్కెట్టు తీసి నోట్లో పెట్టుకోబోతే అరిచేదాన్ని, అలాగే వచ్చింది. మింగేశాను. గొడుగు కొంచెం ముందుకి వంచి, వాడు ఆ కారంతా రుద్దడం చివరిదాకా చూశాను.

డాక్టరమ్మ మా షెడ్డుకి రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. బ్రేకు వేసిన తీరులోనే తెలిసింది ఏ పని మీద వచ్చిందో.

"మీరు కొట్టిన ఆ నురగ నా కారుని నాశనం చేసిందండీ! బానెట్ నిండా గీతలు. మీ అబ్బాయే చెప్పాడు, అప్పట్లో ఇక్కడ కడిగించినందుకే ఇప్పుడు బయటపడ్డాయట!"

కోడలు తాళాలడిగి తీసుకుని, కారుని షెడ్డు నీడలోంచి బయట ఎండలోకి తెచ్చి పెట్టింది. బానెట్ మీద సూర్యుడు తేలాడు. సూర్యుడి చుట్టూ సన్నటి సన్నటి గీతలు, వలయాలు వలయాలుగా, సాలీడు గూడు అల్లినట్టు. కారు తప్పేముంది పాపం.

కోడలు వంగి చాలాసేపు చూసింది. వేలితో కూడా తాకలేదు.

"ఇవి నురగ చేసిన గీతలు కావండీ. నురగకి చేతులుండవు. ఎవరో మట్టి మీద రుద్దారు."

"ఎవరు?"

కోడలు తాళాలు తిరిగిచ్చేసింది. "నేను చూళ్ళేదండీ. చూడంది చెప్పలేను."

ఆ రుద్దింది ఎవరో కోడలికి తెలియక కాదు. ఆ ఒక్క పేరు చెప్పేస్తే షాపు మీద పడ్డ నింద ఆ క్షణమే పోతుంది. అయినా చెప్పలేదు. డాక్టరమ్మ విసురుగా కారు వైపు తిరిగింది.

"నేను చూశాను," అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"ఈ మాట మీ అబ్బాయి ముందు చెప్పగలరా?" అంది డాక్టరమ్మ.

"పదండి."

కోడలు నా చెయ్యి పట్టుకుంది. బాగున్న చెయ్యి కాదు, ఆపరేషనయిన చెయ్యి చాపి పట్టుకుంది. "అత్తయ్యా. ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోలేరు."

"తీసుకోవాలనుకునేదాన్నయితే అసలు చెప్పను," అన్నాను. చీర కొంగుతో చేతులు తుడుచుకుని కారెక్కాను.

మేం వెళ్ళేసరికి షాపు నిండుగా ఉంది. అద్దాల గదిలో నలుగురైదుగురు. టైర్ల షాపాయన బయట కుర్చీలో. కౌంటరు అమ్మాయి తలుపు దగ్గర. సన్నగా, నెమ్మదిగా ఉంది. నేనామె వైపు చూడలేదు. నా లెక్క ఆమెతో కాదు.

డాక్టరమ్మ దిగగానే గట్టిగా మొదలుపెట్టింది. వాడు తడిచేతులతో బయటికొచ్చాడు. ఆవిడ వెనక నేను దిగడం చూశాడు. చూడగానే వాడి మొహం వికసించింది. నేనది ఇప్పటికీ మర్చిపోలేదు. నన్ను చూసి ధైర్యం తెచ్చుకున్నాడు.

"ఇదిగో, మా అమ్మే వచ్చింది. అమ్మా, నువ్వే చెప్పు వీళ్ళకి. ఆ నురగ కొట్టడం వద్దని నేనెన్నిసార్లు మొత్తుకునేవాణ్ణో!"

"మొత్తుకునేవాడే," అన్నాను. "ఈ గీతలు నురగవి కావు. వీడివి."

వాడు నవ్వబోయాడు. "అమ్మా..."

"టాపు మీద చూడండి," అని టైర్ల షాపాయన్ని పిలిచాను. "అంచుల నిండా గీతలున్నాయి. మధ్యలో చేతెడు మేర ఒక్క గీత లేదు, అద్దంలా ఉంది. ఎందుకంటే వీడి చెయ్యి అక్కడిదాకా అందదు, స్టూలు వేసుకునే ఓపిక లేదు. చిన్నప్పుడు బల్ల తుడవమన్నా తనవైపు అందినంత వరకే తుడిచేవాడు. నురగదే తప్పయితే అది టాపంతా పడుతుంది కదా, మధ్యలో ఎందుకు వదిలేస్తుంది?"

టైర్ల షాపాయన లేచి వచ్చి ముందుకి వంగి చూశాడు. అద్దాల గదిలోంచి ఇద్దరు ముగ్గురు బయటికొచ్చి వాళ్ళూ చూశారు. తరవాత వాళ్ళు తమ తమ కార్ల దగ్గరికి వెళ్ళి ఎండలో తలలు వంచి చూసుకోవడం మొదలుపెట్టారు.

"స్పాంజి కింద పడింది రా," అన్నాను వాడితో, మామూలుగా. "దులిపి మళ్ళీ పెట్టావు. నేను బస్టాపులో ఉన్నాను."

వాడి చేతులకున్న నీళ్ళు మోచేతుల మీద నించి కారుతున్నాయి. తుడుచుకోలేదు. ఒక్కసారి రోడ్డు అవతల ఆ బల్ల వైపు చూశాడు.

డాక్టరమ్మ నన్ను దింపుతానంది. వద్దన్నాను. రోడ్డు దాటి వెళ్ళి, వచ్చిన బస్సెక్కి ఇంటికొచ్చాను.

కోడలు గేటు దగ్గరే ఉంది. ఏమైందో చెప్పాను. సంతోషిస్తుందేమో అనుకున్నాను. మంచినీళ్ళు తెచ్చిచ్చి, "మీరు చెప్పింది నిజమే కదా. నిజం చెప్పడానికి పగ అని పేరెందుకు పెట్టుకుంటారు?" అంది.

"నిజం కాకపోయినా చెప్పేదాన్నేమో," అన్నాను.

గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

మాట ఎంత త్వరగా పాకుతుందో అప్పుడు చూశాను. కన్నతల్లే వచ్చి చెప్పిందట, అన్నారు. ఇంకెవరు చెప్పినా అంత పాకేది కాదు. డాక్టరమ్మ తన కారు పాలిష్ మా దగ్గరే చేయించుకుంది. గీతలు చాలావరకు పోయాయి, అన్నీ పోలేదు. ఆమె వెనకే మిగతావాళ్ళూ వచ్చారు. షెడ్డు ముందు బళ్ళు ఆగడానికి చోటు చాలక మాస్టారి గేటు ముందు కూడా పెట్టేవాళ్ళు. తన పేరు పాడవుతోందని టైర్ల షాపాయన షెడ్డు ఖాళీ చెయ్యమన్నాడు. కౌంటరు అమ్మాయి ఉద్యోగం వదల్లేదు, వీణ్ణి వదిలింది. ఈ కబుర్లన్నీ మాస్టారు రోజూ తెచ్చేవాడు. నేను ఒక్కో కబురూ రెండేసి సార్లు చెప్పించుకుని వినేదాన్ని. దాచుకోవడం దేనికి, నాకు హాయిగా ఉండేది. పడుకోగానే నిద్ర పట్టేది.

వానలు మొదలైన వారంలో వాడు వచ్చాడు.

మధ్యాహ్నం. వాన తెరిపిచ్చింది. కోడలి చెయ్యి అప్పటికి బాగానే లేస్తోంది, గన్ను తనే పట్టుకుంటోంది. ఒక తెల్లకారు మీద నురగ కొట్టి, జారడం కోసం ఆగి ఉంది. గేటు చప్పుడైతే తిరిగి చూశాను. చేతిలో ఒక సంచీ. గడ్డం పెరిగింది. మెడ దగ్గర చొక్కా వదులైంది.

"అమ్మా," అన్నాడు.

నేను మిషన్ మీదున్న గుడ్డ సర్దుకున్నాను.

"నువ్వు నా పక్కన నిలబడతావనుకున్నాను," అన్నాడు. కోపంగా కాదు. నిజంగా అర్థం కానట్టు అడిగాడు.

"అనుకుంటావని నాకు తెలుసు."

వాడు షెడ్డు వైపు చూశాడు. "నేను మళ్ళీ ఇక్కడే పని చేసుకుంటాను. ఏ పనయినా సరే."

"షెడ్డు అమ్మాయిది. అడుగు."

వాడు వాకిట్లో నీటి గుంటలు దాటుకుంటూ షెడ్డు దాకా వెళ్ళాడు. నేను తలుపు దగ్గర నించి చూస్తున్నాను. ఏదో నసిగాడు. ఆమె నురగ మీద నించి చూపు తిప్పకుండా విన్నది. పూర్తయ్యాక వాడి వైపు తిరిగింది.

"ఇప్పుడు మనిషి అవసరం లేదండీ. ఉంటే కబురు చేస్తాం. మీ నంబరు ఎదురింటి మాస్టారి దగ్గర ఇచ్చి వెళ్ళండి."

పెళ్ళయినప్పటి నించీ ఆమె వాణ్ణి 'మీరు' అనే పిలిచేది. ఇదీ ఆ మీరే. కానీ బళ్ళు తెచ్చే అందరితోనూ అనే మీరు. అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. వాడికది అర్థమైంది. తిడితే నిలబడేవాడేమో. ఆ మర్యాద ముందు నిలబడలేకపోయాడు.

"నురగ ఎండిపోతుంది, తప్పుకోండి," అని గన్ను ఎత్తింది. వాడు తప్పుకున్నాడు.

తిరిగి గేటు దాకా వచ్చి నా దగ్గర ఆగాడు. మా ఇంట్లో భోజనాల వేళ. వంటింట్లోంచి అన్నం వాసన వాకిట్లోకి వస్తోంది. వాడు సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఊరికే నిలబడ్డాడు. ఏ మాట కోసం నిలబడ్డాడో నాకు తెలుసు. వాడు బడి నించి వచ్చినా, పని నించి వచ్చినా, పోట్లాడి అలిగి వచ్చినా, గుమ్మంలో నేను మొదట అడిగే మాట అదొక్కటే.

అడగలేదు.

వాడు గేటు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు. కారు పని ముగించి కోడలు చేతులు కడుక్కుని వచ్చింది. వీధి వైపు ఒకసారి చూసింది.

"తిని వచ్చాడా?"

"అడగలేదు."

ఆమె కంచాలు తీసింది. రెండు. అల్మారా ముందు ఒక్క క్షణం ఆగింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. వాన మళ్ళీ అందుకుంది. నాకు ఆకలిగానే ఉంది. రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాను.